మల్లన గింజలు, సముద్రం అడుగున తాళం

నికోబార్ దీవుల్లో ఒకప్పుడు కొబ్బరికాయే డబ్బు. కాయలను అక్కడివాళ్లు ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టేవారు కాదు. జతలు వేసేవారు. పది జతలైతే ఒక ఇరవై. అలాంటి ఇరవైలు ఇరవై పోగైతే నాలుగు వందలు, దానికి మళ్లీ విడిగా ఒక పేరు. అండమాన్ నికోబార్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ హొరేస్ మాన్ 1889లో వెలువరించిన నికోబారీ భాషా నిఘంటువులో ఈ లెక్క కనిపిస్తుంది.

ఇరవై కాయలు ముందు పెట్టుకుని కూర్చోండి. రెండు వరసలుగా పేర్చవచ్చు. నాలుగు వరసలు, అయిదు వరసలు, పది వరసలు... ఇలా పేర్చితే చాప మీద కాయలు చక్కగా దీర్ఘచతురస్రంగా కుదురుతాయి. ఇంకో మూడు కాయలు తెచ్చి కలపండి. ఇప్పుడు ఇరవై మూడు. రెండు వరసలు వేస్తే ఒకటి మిగులుతుంది, మూడు వేస్తే రెండు మిగులుతాయి, అయిదు వేస్తే మూడు. ఒకే ఒక్క పొడుగాటి వరసగా తప్ప ఎలా పేర్చినా ఏదో ఒక కాయ బయటే ఉండిపోతుంది. ఇలా మొండికేసే సంఖ్యలే ప్రధాన సంఖ్యలు. ఇరవైలాగా వరసలకు లొంగేవన్నీ ప్రధాన సంఖ్యలను గుణించగా పుట్టినవి: 20 అంటే 2 × 2 × 5. ఈ ముక్కలను ప్రధాన కారణాంకాలు అంటాం. ఏ సంఖ్యనైనా ఇలా విడగొట్టడానికి ఒకే ఒక దారి ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ విడగొట్టినా అవే ముక్కలు.

పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అనే పేట ఉంది. చేపల రేవు పక్కనే. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఊరి పేరు 2024లో శ్రీ విజయ పురం అయింది గానీ, ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎక్కువమంది నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. రేవులో వల బాగుచేసుకుంటున్న భర్త పక్కన కూర్చుని ఒక ఇల్లాలు ఫోన్లో నాలుగు చోట్ల నొక్కి, "అమా, డబ్బులేసీసేను, సూసుకో" అంటుంది. ఆ డబ్బు వెనక ఉన్న నమ్మకంలో చాలా భాగం ఒక కొబ్బరికాయల చిక్కు మీద నిలబడింది: రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, గుణించాక వాటిని విడదీయడం మహా కష్టం.

అన్ని పెద్ద సంఖ్యలూ అంత మొండివేం కావు. ఎంతో పెద్దదై ఉండి కూడా అరిటాకులా చిరిగిపోయే సంఖ్య ఒకటి మన భాషలోనే, పద్యంలోనే ఉంది. అక్కడి నుంచి మొదలుపెడితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

చదరంగం పలక మీద గింజలు

కథ అందరికీ తెలిసిందే. చదరంగం పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే అరవై నాలుగు గళ్లకూ కలిపి ఎన్ని గింజలు? జవాబు:

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెలు. మన వాడుకలో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైమాటే. వెయ్యి బియ్యపు గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయి అనుకుంటే ఈ కుప్ప దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఇప్పుడు ఏటా పండిస్తున్న బియ్యం లెక్కన ఏడు వందల ఏళ్ల పంట.

ఈ మొత్తాన్ని ఒక్క అంకె తప్పకుండా చెప్పే చంపకమాల ఒకటి పావులూరి మల్లన పేరుతో తెలుగులో ప్రసిద్ధం. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన కవి మల్లన. తెలుగులో మనకు దక్కిన తొలి గణిత గ్రంథం అదే. తెలుగు కావ్యం ఇంకా తప్పటడుగులు వేస్తున్న రోజుల్లోనే తెలుగు లెక్క ఇరవై అంకెల దాకా నడిచిందన్న మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

[పెట్టె: పద్యంలో అంకెలు ఎలా దాచారు?

అంకెల పేర్లు ఛందస్సులో అన్నిచోట్లా ఇమడవు. అందుకని అంకెకు బదులు లోకంలో అన్నే ఉన్న వస్తువు పేరు చెప్పేవారు. వీటిని భూతసంఖ్యలు అంటారు. చంద్రుడు ఒక్కడే, కాబట్టి 1. వేదాలు 4, సముద్రాలు 4. మన్మథుడి బాణాలు 5. తర్కాలు 6. కొండలు 7. దిగ్గజాలు 8. దేహానికి ఉన్న రంధ్రాలు 9. ఆకాశం అంటే శూన్యం, అంటే 0. ఒక్కో అంకెకూ పది పర్యాయపదాలు దొరుకుతాయి గనక కవికి గణాలు, యతి, ప్రాస కుదుర్చుకోవడానికి బోలెడంత చోటు. చదవడం మాత్రం ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు. మల్లన పద్యం బాణంతో, అంటే 5తో మొదలై చంద్రుడితో, అంటే 1తో ముగుస్తుంది. వెనక నుంచి పేర్చుకుంటే పైన చెప్పిన సంఖ్య నిలుస్తుంది.]

మీ ఫోన్లోనూ ఈ సంఖ్య ఉంది. ఇప్పటి ఫోన్ల చిప్‌లను 64 బిట్ చిప్‌లు అంటారు. అరవై నాలుగు స్విచ్చులు వరసగా ఉన్నాయనుకోండి, ఒక్కోటి పక్కదానికి రెట్టింపు విలువ. అన్నీ వేసేస్తే వచ్చే మొత్తం సరిగ్గా మల్లన సంఖ్యే. చదరంగం పలకకూ చిప్‌కూ లెక్క ఒకటే కదా!

పలకను సగానికి మడిస్తే

ఇరవై అంకెల సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టమంటే ఎవరికైనా గుండె జారుతుంది. మల్లన సంఖ్య విషయంలో భయం అక్కర్లేదు. దాని పుట్టుకలోనే విడిపోయే మడతలు ఉన్నాయి.

మొదటి రెండు గళ్లు చూడండి: 1, 2. కలిపితే 3. తర్వాతి రెండు గళ్లు: 4, 8. ఇవి కొత్తవేమీ కావు, మొదటి రెంటికీ నాలుగేసి రెట్లు. అంటే నాలుగు గళ్లలో ఒక మూడు, ఇంకో నాలుగు మూళ్లు. మొత్తం అయిదు మూళ్లు, 15. ఆ తర్వాతి నాలుగు గళ్లు మొదటి నాలుగింటికి పదహారేసి రెట్లు. కాబట్టి ఎనిమిది గళ్లకు పదిహేడు పదిహేనులు, 255. ఇదే తీరున పదహారు గళ్లకు 255 × 257, అంటే 65,535. ముప్పై రెండు గళ్లకు 65,535 × 65,537, అంటే 4,29,49,67,295. పూర్తి పలకకు దీన్ని 4,29,49,67,297తో గుణిస్తే చాలు.

చీరను మడత పెట్టినట్టు ప్రతిసారీ రెండో సగం మొదటి సగానికి అచ్చు నకలు. అందుకే ఆరు మడతల్లో ఆరు ముక్కలు వచ్చిపడ్డాయి: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297.

ఇలాంటి సంఖ్యలను చూసే, ఫ్రాన్స్‌కు చెందిన గణితవేత్త ఫెర్మా 1640 ప్రాంతంలో ఒక ఊహ చేశాడు. 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే గనక ఈ వరస ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని ఆయన నమ్మకం. ఆరోది 429 కోట్ల పైన ఉంది. దాన్ని విడగొట్టి చూసినవాళ్లు లేరు.

దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 1732లో ఆయిలర్ అనే గణితవేత్త చూశాడు. గుడ్డిగా 2, 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోవచ్చు. ఆయన అలా పోలేదు. ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని తర్కంతో తేల్చాడు. ఆ జల్లెడ పడితే మిగిలేవి కొద్ది: 193, 257, 449, 577... నాలుగూ కుదరలేదు. అయిదోది 641. సరిగ్గా తెగింది. 4,29,49,67,297 అంటే 641 × 67,00,417. కాగితం మీద గుణించి చూడండి, రెండు నిమిషాల పని. ప్రధాన సంఖ్యల వరసలో 641ది నూటపదహారో స్థానం. జల్లెడ లేకపోతే అయిదు భాగహారాలు కాదు, నూటపదహార్లు చెల్లించుకోవాల్సి వచ్చేది.

కాబట్టి మల్లన సంఖ్య పూర్తి జాతకం ఇది:

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. వీటిని రకరకాలుగా జతచేస్తే మొత్తం 128 కారణాంకాలు. అంటే ఆ గింజల కుప్పను ఒక్క గింజ మిగలకుండా 128 రకాలుగా సమంగా పంచవచ్చు. 3తో తెగుతుందో లేదో మీరే చూసుకోవచ్చు: అంకెలన్నీ కూడితే 87, అది మూడింట తెగుతుంది.

ఇంకో విశేషం. ఫెర్మా వరసలో ప్రధాన సంఖ్యలని ఇప్పటిదాకా తేలినవి ఆ మొదటి అయిదే. ఆరోది తెగాక మరి ఒక్కటీ దొరకలేదు. ఆ అయిదూ ఒకే చోట, మన పద్యంలోని సంఖ్యలో కొలువున్నాయి. వీటిలో 65,537 మీద మనుషులు చిత్రమైన శ్రమ పెట్టారు. అన్ని భుజాలున్న సమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని గణితవేత్త గౌస్ సిద్ధాంతం. అది ఎలా గీయాలో చెప్పడానికి హెర్మెస్ అనే జర్మన్ పండితుడు పదేళ్లు కూర్చున్నాడు. ఆ రాతప్రతులు గోటింగెన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఆ 65,537ను గుర్తుపెట్టుకోండి.

ఎవరికైనా కనిపించే తాళం

2020 దాకా అండమాన్‌లో ఇంటర్నెట్ అంటే ఉపగ్రహమే ప్రధాన ఆధారం. నత్తనడక. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను అది కలిపింది. వెంట్రుక మందం గాజు పోగుల్లో వెలుగు మినుకుమినుకుమంటూ బంగాళాఖాతం దాటుతుంది. ఓడలో రెండు మూడు రోజుల దూరాన్ని రెప్పపాటుకంటే ముందే దాటేస్తుంది.

ఆ వెలుగు దారిలో ఎన్నో యంత్రాల చేతులు మారుతుంది. మరి జంగ్లీఘాట్‌లో తెరుచుకున్న పేజీ నిజంగా బ్యాంకుదేనని ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? బ్యాంకును ఎప్పుడూ కలవలేదు, ముందుగా గుసగుసగా చెప్పుకున్న రహస్యమూ లేదు.

1977లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్.ఎస్.ఏ. అంటారు. బ్యాంకు రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను తీసుకుని గుణిస్తుంది. లబ్ధాన్ని లోకానికంతా చాటుతుంది. ఆ రెంటినీ మాత్రం తన దగ్గరే దాచుకుంటుంది. లబ్ధం తెలిసినవాళ్లు బ్యాంకు సంతకాన్ని సరిచూడగలరు. ఆ రెండూ తెలిసినవాళ్లే సంతకం పెట్టగలరు.

[పెట్టె: చిన్న అంకెలతో ఒక సంతకం

బ్యాంకు రహస్యం 3, 11 అనుకుందాం. లబ్ధం 33. దీంతో పాటు సరిచూసే అంకెగా 3ను కూడా బ్యాంకు బయటపెట్టింది. లోపల బ్యాంకు చేసే లెక్క: 3లోంచి, 11లోంచి ఒక్కోటి తీసేస్తే 2, 10. గుణిస్తే 20. సరిచూసే 3ను దేంతో గుణించి 20తో భాగిస్తే శేషం 1 వస్తుంది? 7తో, ఎందుకంటే 21. ఆ 7 బ్యాంకు రహస్య తాళంచెవి.

సంతకం పెట్టాల్సిన మాట 4. బ్యాంకు నాలుగును ఏడుసార్లు వేసి గుణిస్తుంది: 16,384. 33తో భాగిస్తే శేషం 16. ఆ 16ను పంపుతుంది.

ఫోన్ 16ను మూడుసార్లు వేసి గుణిస్తుంది: 4,096. 33తో భాగిస్తే శేషం 4. మాట తిరిగి వచ్చింది, సంతకం నిజమే.

దొంగకు 33 తెలుసు, 3 తెలుసు. 7 కావాలంటే 20 కావాలి, 20 కావాలంటే 33ను 3, 11గా విడగొట్టాలి. ఇక్కడ అది చిటికెలో పని. అసలు బ్యాంకు సంఖ్యకు మామూలుగా 617 అంకెలుంటాయి.]

పెట్టెలో సరిచూసే అంకెగా 3 వాడాం. నిజంగా ప్రపంచమంతా వాడుకలో స్థిరపడ్డ అంకె ఏదో తెలుసా? 65,537. మల్లన సంఖ్యలోని ఆరో ముక్క! ఆర్.ఎస్.ఏ. వాడే వెబ్‌సైట్ గుర్తింపు పత్రం (సర్టిఫికెట్) ఏది తెరిచి చూసినా దాదాపుగా అదే అంకె కనిపిస్తుంది.

దానికి కారణం మళ్లీ చదరంగం పలకే. ఒక సంఖ్యను 65,537 సార్లు వేసి గుణించాలంటే అన్నిసార్లు కష్టపడక్కర్లేదు. ఆ సంఖ్యను దానితోనే గుణించండి, వచ్చినదాన్ని మళ్లీ దానితోనే గుణించండి. ఇలా పదహారుసార్లు చేస్తే, గళ్లు రెట్టింపైనట్టే, 65,536 దాకా వెళ్లిపోతారు. ఆఖర్న ఇంకొక్క గుణకారం. మొత్తం పదిహేడు. పాత ఫోన్ అయినా, బ్యాటరీ అడుగంటినా ఇది ఒక లెక్కలోది కాదు. అలాగని మరీ చిన్న అంకె వాడితే, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల చిన్న పొరపాటు కూడా దొంగలకు దారి చూపించిన సందర్భాలున్నాయి. అందుకే అందరూ 65,537 దగ్గర కుదురుకున్నారు.

విడగొట్టడం అంత కష్టమా?

కష్టం ఎంతో చెప్పడానికి 1903 నాటి ఒక సంఘటన చాలు. న్యూయార్క్‌లో అమెరికన్ గణిత సంఘం సమావేశం. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే గణితవేత్త వేదికెక్కి, ఒక్క మాట మాట్లాడకుండా సుద్దముక్క తీసుకుని బోర్డు మీద లెక్క చేయడం మొదలుపెట్టాడు. చదరంగం పలకకు ఇంకో మూడు గళ్లు కలిపి, 67 గళ్ల గింజలు: 14,75,73,95,25,89,67,64,12,927. పక్కన ఇంకో గుణకారం వేశాడు: 19,37,07,721 × 7,61,83,82,57,287. రెండూ ఒకటే అయ్యాయి. సుద్ద పెట్టేసి వెళ్లి కూర్చున్నాడు. సభంతా చప్పట్లు. ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలు అన్నాడని చెబుతారు.

మల్లన సంఖ్యకు, దీనికి తేడా మూడు గళ్లే. 64ను సగానికి సగం మడుచుకుంటూ పోవచ్చు. 67 తానే ప్రధాన సంఖ్య, దాన్ని సమంగా మడవలేం. మడత లేకపోతే ఆదివారాలే గతి.

ఇంకా లోతైన వింత, కోల్ విడగొట్టిన ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదని 1876లోనే లూకాస్ అనే గణితవేత్త తేల్చాడు. ముక్కలు మాత్రం ఆయనకు దొరకలేదు. ఒక సంఖ్య విడిపోతుందని తెలుసుకోవడం వేరు, విడదీయడం వేరు. మొదటిది తేలికేనని 2002లో ఐఐటి కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా తిరుగులేకుండా నిరూపించారు. రెండోదానికి తేలిక దారి దొరకలేదు. ఫెర్మా వరసలోనే 3,15,653 అంకెలున్న సంఖ్య ఒకటి ఉంది. అది విడిపోతుందని గట్టిగా తెలుసు, కానీ ఒక్క ముక్కయినా ఇంతవరకూ ఎవరి చేతికీ చిక్కలేదు.

ఆర్.ఎస్.ఏ. పుట్టినప్పుడు ఆ ముగ్గురూ 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, విడగొట్టినవాళ్లకు వంద డాలర్లు అన్నారు. పదిహేడేళ్లకు, 1994లో ఇంటర్నెట్ ద్వారా కలిసిన సుమారు 600 మంది తమ కంప్యూటర్లను అప్పగిస్తే అది విడిపోయింది. 2020 ఫిబ్రవరిలో, అంటే అండమాన్ కేబుల్‌కు ఆరు నెలల ముందు, ఫ్రాన్స్, అమెరికా పరిశోధకులు 250 అంకెల సంఖ్యను విడగొట్టారు. కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీదే నడిపితే దాదాపు 2,700 ఏళ్లు పట్టే పని అది. 617 అంకెలదాన్ని ఎవరూ విడగొట్టలేదు.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. విడగొట్టడం కష్టమని ఎవరూ నిరూపించలేదు. శతాబ్దాలుగా ఎంతో తెలివైనవాళ్లు ప్రయత్నించి ఓడిపోయారు, అంతే. మన డబ్బుకు కాపలా ఆ ఓటమే.

బళ్లో నేర్చుకున్న గ.సా.భా.తో దొంగతనం

తాళం గట్టిదే. తయారీలో బద్ధకిస్తే మాత్రం బడి లెక్కతో పగిలిపోతుంది. రెండు సంస్థల సంఖ్యలు 8,633, 8,989 అనుకోండి. విడిగా దేన్ని విడగొట్టాలన్నా కాస్త తంటాలు పడాలి. రెండూ పక్కపక్కన పెట్టి గరిష్ఠ సామాన్య భాజకం తీయండి. 8,989లోంచి 8,633 పోతే 356. దాంతో 8,633ను భాగిస్తే శేషం 89. 89తో 356 నిశ్శేషంగా తెగుతుంది. అయిపోయింది: ఒకటి 89 × 97, రెండోది 89 × 101. రెండు తాళాలూ ఊడాయి. ఇద్దరూ ఒకే 89ను వాడటమే చేసిన తప్పు.

2012లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా ఇంటర్నెట్‌లో బహిరంగంగా ఉన్న లక్షలాది సంఖ్యలను పోగుచేసి ఇదే పని చేశాయి. వేలాది తాళాలు ఊడిపోయాయి. ఎక్కువగా రౌటర్ల లాంటి చిన్న పరికరాలవి. కరెంటు పెట్టగానే, యాదృచ్ఛికత ఇంకా పోగుపడకముందే ప్రధాన సంఖ్యలను ఎంచుకున్నాయి. పేక కలపకుండా పంచినట్టు, వేర్వేరు పరికరాలకు ఒకే ముక్క వచ్చింది. ఆ ముక్కలు ఎవరూ ఊహించలేని విధంగా రాకపోతే, 617 అంకెలు ఉండీ లాభం లేదు.

ముందున్నది

1994లోనే పీటర్ షోర్ అనే గణితవేత్త, తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ ఉంటే పెద్ద సంఖ్యలు కూడా మడతలున్నట్టే విడిపోతాయని చూపించాడు. ఒక సంఖ్యను పదేపదే గుణిస్తూ శేషాలు రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట అవి మొదటికి వచ్చి తిరుగుతాయి. 2ను గుణిస్తూ 15తో భాగించండి: 1, 2, 4, 8, మళ్లీ 1, 2, 4, 8. ఆ చుట్టు పొడవు తెలిస్తే ముక్కలు దొరుకుతాయి. మామూలు కంప్యూటర్‌కు పెద్ద సంఖ్యల చుట్టు పొడవు కనిపెట్టడమే మహా కష్టం. క్వాంటం కంప్యూటర్‌కు అది చేతనవుతుంది. 617 అంకెలకు చాలినంత పెద్ద యంత్రం ఇంకా రాలేదు. అమరావతిలో 156 క్యూబిట్ల (క్వాంటం బిట్ల) ఐబీఎం యంత్రం నెలకొల్పుతామని 2025లో ప్రకటించారు. ఈ పనికి కావలసింది దానికి ఎన్నో రెట్లు పెద్దది, పొరపాట్లను తానే దిద్దుకోగలిగేది.

అది వచ్చేలోగా తాళాలు మార్చాలి. సంఖ్యలను విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీద ఆధారపడని కొత్త పద్ధతులకు 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ముద్ర వేసింది. కొన్ని బ్రౌజర్లు వాటిని ఇప్పటికే వాడుతున్నాయి. దీవుల్లో వేసిన గాజు పోగులు మార్చక్కర్లేదు, వాటిలో నడిచే లెక్క మారితే చాలు.

ఈలోగా జంగ్లీఘాట్‌లో సాయంత్రమైంది. ఫోన్ చెన్నై వైపు ఒక పలకరింపు పంపింది. అటు నుంచి 617 అంకెల సంఖ్య, దాని పక్కన 65,537, కింద ఒక సంతకం వచ్చాయి. పదహారు రెట్టింపులు, ఆపైన ఒక్క గుణకారం. శేషం సరిపోయింది. పేజీ తెరుచుకుంది. అవతల శ్రీకాకుళంలో ఫోన్ కుయ్‌మంది.

"పడ్డాయే అమ్మా," అంది తల్లి. "అల్లుడు తిండి తిన్నాడా?"